మందు పనిచేసిందా, పురుగే పోయిందా?

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి పొట్ట దశ దాటే అక్టోబరులో, దుబ్బు అడుగున చేరి రసం పీల్చే సుడిదోమ కనబడిందంటే ఊళ్లో ప్రతి పురుగుమందుల దుకాణం ముందు జనమే. ఒక్కొక్కరి చేతికి ఒక్కో డబ్బా వస్తుంది. కొట్టిన నాలుగైదు రోజులకు దుబ్బు అడుగున దోమ తగ్గితే ఆ మందుకు పేరొస్తుంది, తగ్గకపోతే ఇంకో మందు కొంటారు. మిర్యాలగూడ, హాలియా, హుజూర్‌నగర్ వైపు ఏ మందు మంచిదో చెప్పుకునే మాటల్లో చాలావరకు ఇలా పుట్టినవే. వాటిలో అబద్ధమేమీ లేదు. మందు కొట్టారు, దోమ తగ్గింది. కొట్టకపోతే ఏమయ్యేదన్న ప్రశ్నకు మాత్రం ఆ పొలంలో జవాబు దొరకదు. కొట్టని చోటంటూ అక్కడ ఒక్క గజం కూడా మిగల్లేదు కాబట్టి.

దోమ తనంతట తాను తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి. పైరు ముదిరితే పొడవు రెక్కల దోమలు లేత పైరు వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. ఆకుపచ్చ మిరిడ్ నల్లి దోమ గుడ్లను, పిల్లలను పీల్చేస్తుంది. సాలెపురుగులు పెద్దవాటిని పట్టి తింటాయి. గట్టి వాన పడినా కొంత తగ్గుతుంది. వీటన్నిటికీ తోడు, దోమ కనబడగానే మడిలో నీరు తీసేయమని వ్యవసాయ అధికారులు చెబుతారు. రైతు నీరు తీసి, అదే రోజు మందు కొడతాడు. దుబ్బు అడుగున తడి తగ్గి గాలి ఆడితే దోమకు ఇబ్బందే. రెండు పనులూ ఒకేరోజు జరిగినప్పుడు ఫలితం దేనిదని చెప్పాలి? పరిశోధన కేంద్రంలో నీరు తీస్తే అన్ని మడుల్లోనూ తీస్తారు, మందు కొట్టకుండా వదిలిన మడితో సహా. ఆ తర్వాత కనబడే తేడాను మందు ఖాతాలో వేయొచ్చు.

ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. ఒక మడిలో మందుకు ముందు దుబ్బుకు 20 దోమలు ఉన్నాయి, వారం తర్వాత 4 ఉన్నాయి. నూటికి 80 పాళ్లు తగ్గింది, మందు బ్రహ్మాండం అనిపిస్తుంది. పక్కనే కొట్టని మడిలో అదే వారంలో 20 కాస్తా 8 అయ్యాయనుకోండి. ఏమీ చేయకపోయినా 8కి వచ్చేవి, మందు వల్ల 4కి వచ్చాయి. అంటే మందు అసలు బలం 50 శాతమే. ఇదే లెక్క తిరగబడే సందర్భమూ ఉంది. దోమ ఎగబడే రోజుల్లో కొట్టని మడిలో 20 నుంచి 30కి పెరిగి, కొట్టిన మడిలో 20 నుంచి 6కి తగ్గితే, కంటికి కనబడేది 70 శాతం, నిజంగా మందు చేసిన పని 80 శాతం. మంచి మందుకు చెడ్డపేరు, నాసి మందుకు మంచిపేరు రావడం ఈ చిన్న భాగహారం దగ్గరే మొదలవుతుంది.

ఈ సవరణకు సూత్రం 1925లోనే ఉంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన అబ్బాట్ దాన్ని ప్రకటించారు. కొట్టని చోట మిగిలినవాటితో పోల్చి, కొట్టిన చోట ఎన్ని తక్కువ మిగిలాయో చూడటమే అందులో పని. అది రెండు చోట్లా మొదట పురుగు సమానంగా ఉందని అనుకుంటుంది. పొలంలో అలా ఉండదు. అందుకే 1955లో హెండర్సన్, టిల్టన్ మందుకు ముందు లెక్కను కూడా కలిపి మరో సూత్రం ఇచ్చారు. పైన వేసిన లెక్క వాళ్లదే. ఇప్పటికీ పొలం పరీక్షలకు ఎక్కువగా ఈ రెండే ఆధారం. సూత్రం పాతదే అయినా, దుకాణం వాళ్లు, కంపెనీల వాళ్లు ఊళ్లలో వేసే డెమో ప్లాట్లలో కొట్టని మడి కనబడటం అరుదు. వాళ్లకు కావాల్సింది పచ్చగా ఉన్న మడి ముందు ఒక ఫొటో.

కొట్టని మడి వేసి చూసేది పరిశోధన కేంద్రాల్లోనే. దక్షిణ తెలంగాణ వ్యవసాయ మండలానికి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పాలెంలో ఉంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. సాగర్ ఆయకట్టు వరికి నల్లగొండ జిల్లా త్రిపురారం మండలంలోని కంపాసాగర్ కేంద్రం ఉంది. దేశం మొత్తం మీద వరి పరీక్షలను కలిపి నడిపే అఖిల భారత పథకం 1965లో మొదలైంది, దాన్ని నడిపే వరి పరిశోధన సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. ఒకే మందుల జాబితాను ఒకే పద్ధతిలో వేర్వేరు రాష్ట్రాల్లో పరీక్షిస్తారు. ఒక్క చోట గెలిచిన మందును నమ్మి సిఫారసు చేయరు.

పరీక్ష పొలం చూడ్డానికి మామూలు వరిమడిలాగే ఉంటుంది. దాన్ని చిన్న చిన్న మడులుగా, తరచూ ఇరవై చదరపు మీటర్ల చొప్పున విడగొడతారు. ఆరో ఏడో మందులు, ఒక కొట్టని మడి, ఇవన్నీ కలిపి ఒక వరుస. అలాంటి వరుసలు మూడు నాలుగు. ప్రతి వరుసలో ఏ మందు ఏ మడికి పోవాలో చీటీ వేసి తేలుస్తారు. ఈ చీటీ సంగతి తంతులా కనిపించవచ్చు. సుడిదోమ పొలమంతా ఒక్కలా రాదు, గుంపులు గుంపులుగా సుడులు కడుతుంది. కాల్వ వైపు మడికి నీరెక్కువ, చివరి మడికి తక్కువ. చెట్టు నీడ పడే మడి ఒకటుంటుంది, యూరియా ఎక్కువ పడ్డ మడి ఇంకొకటి. మనిషి తానే ఎంచితే తెలియకుండానే మంచి మందును మంచి మడికి ఇచ్చేస్తాడు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ గోధుమ పొలాల లెక్కలు చూస్తూ చీటీ పద్ధతిని నిలబెట్టింది ఇందుకే.

గుళికల విషయంలో ఇంకో చిక్కుంది. క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 శాతం గుళికలు ఎకరానికి 4 కిలోలు, కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4 శాతం గుళికలు 8 కిలోలు అని సిఫారసు. ఇసుకలో కలిపి పలుచని నీటిలో చల్లి, ఆ నీరు కదలకుండా కొన్ని రోజులు నిలపాలి. పరీక్ష మడులకు చుట్టూ గట్టి గెట్లు, ఒక్కోదానికి వేరే నీటి దారి ఉంటాయి, కాబట్టి మందు ఎక్కడ చల్లింది అక్కడే ఉంటుంది. ఆయకట్టు పొలాల్లో నీరు మడి నుంచి మడికి పారుతుంది. పై రైతు చల్లిన గుళికల మందు కింది రైతు పొలం మీదుగా డ్రైనులోకి పోతుంది. పరీక్షలో బాగా చేసిన గుళికలు ఊళ్లో తేలిపోయాయంటే కల్తీ అని వెంటనే తేల్చేయకుండా ముందు నీటి సంగతి చూడాలి.

పరీక్షకు మడులు, మందులు సిద్ధమైనా ఆ ఏడాది పురుగు రాకపోవచ్చు. పురుగు లేని పొలంలో అన్ని మందులూ ఒక్కటే, మంచినీళ్లతో సహా. అందుకే శాస్త్రవేత్తలు మామూలు రైతు భయపడే పనులన్నీ కావాలని చేస్తారు. నాట్లు ఆలస్యంగా వేస్తారు, నత్రజని ఎక్కువ ఇస్తారు, సుడిదోమను అసలు తట్టుకోలేని తైచుంగ్ నేటివ్ 1 రకాన్ని మధ్యలో, చుట్టూ నాటుతారు. జొన్నలో మొవ్వు ఈగ కోసం పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు వాడే పద్ధతి మరీ విడ్డూరం. ఈగకు లొంగే జొన్నను ఇరవై రోజుల ముందే వరుసలుగా విత్తి, అసలు పైరు మొలిచాక ఎండు చేపల పొడి చల్లుతారు. ఆ వాసనకు ఈగలు కమ్ముకుంటాయి. కాండం తొలుచు పురుగుకైతే ప్రయోగశాలలో పెంచిన పిల్ల పురుగులను గసగసాల్లో కలిపి, చిన్న గొట్టం లాంటి పరికరంతో ఒక్కో మొక్క సుడిలో కొన్ని చొప్పున పడేలా వేస్తారు. తట్టుకునే రకాలను ఏరడానికి పుట్టిన పద్ధతులివి. పటాన్‌చెరులో గసగసాలతో మసాలానే కాకుండా పురుగును కూడా కొలిచారన్నమాట.

ఇక ఎప్పుడు లెక్కపెట్టాలి అన్నది. ఊళ్లో తీర్పు మర్నాడే వస్తుంది. పొద్దున్నే దుబ్బు విప్పి చూస్తారు, దోమ ఉంటే మందు దండగ. పైమెట్రోజిన్ లాంటి మందుకు ఈ తీర్పు ఉరిశిక్షే. అది దోమను వెంటనే చంపదు, రసం పీల్చకుండా చేస్తుంది. దోమ రెండు మూడు రోజులు కాడను పట్టుకుని కనబడుతూనే ఉంటుంది, నష్టం మాత్రం ఆగిపోతుంది. బుప్రోఫెజిన్ ఇంకో రకం. పిల్లదోమ చర్మం మార్చుకునేటప్పుడు కొత్త చర్మం ఏర్పడనివ్వదు. రెక్కలొచ్చిన పెద్దదాన్ని దాదాపు ఏమీ చేయదు. అందుకే పరీక్షలో పిల్లలను, పెద్దవాటిని విడిగా లెక్కపెడతారు. మందుకు ఒకరోజు ముందు, తర్వాత మూడు, ఏడు, పది, పద్నాలుగు రోజులకు ఇలా వరుసగా చూస్తారు. ఒక్క మూడో రోజు లెక్క చూసి మందులకు ర్యాంకులిస్తే ఒక వరుస వస్తుంది, పద్నాలుగో రోజు చూస్తే మరో వరుస. మర్నాడే దుకాణానికి తిరిగొచ్చి రెండో మందు కొనే రైతు మొదటి మందుకు పని చేసే సమయమే ఇవ్వలేదు. రెండోది తెచ్చేలోపు మొదటిది పని పూర్తి చేస్తే, ఆ పేరు కూడా రెండోదానికే పోతుంది!

మొగి పురుగు దగ్గర లెక్క మరీ మోసం చేస్తుంది. యాసంగిలో ఆలస్యంగా నాటిన పొలాల్లో ఇది ఎక్కువ. తల్లి రెక్కల పురుగు ఆకు కొసన గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు పుట్టిన కొద్దిసేపటికే కాండంలోకి దూరుతుంది. లోపలికి పోయాక పైన కొట్టే మందుకు అందడం కష్టం. పిలక దశలో తొలిస్తే మొవ్వు చస్తుంది, ఈనే దశలో తొలిస్తే తెల్ల కంకి వస్తుంది. తెల్ల కంకులు కనబడ్డాక మందు కొట్టే అలవాటు ఊరూరా ఉంది. తెల్లబడ్డ కంకి మళ్లీ పాలు పోసుకోదు కాబట్టి ఆ కొట్టుడు మనశ్శాంతికే. పిలక దశలో మాత్రం కథ వేరు. కొన్ని మొవ్వులు చచ్చినా వరి కొత్త పిలకలు వేసి లోటు పూడ్చుకుంటుంది. చచ్చిన మొవ్వులు చూసి గుళికలు చల్లిన రైతుకు పదిహేను రోజుల్లో పొలం పచ్చగా కనబడుతుంది, చల్లని పొలం కూడా చాలాసార్లు అలాగే పచ్చబడుతుంది. కాబట్టి పరీక్షలో చచ్చిన మొవ్వుల శాతం ఒకసారి, కోతకు ముందు తెల్ల కంకుల శాతం ఒకసారి తీస్తారు, చివరికి గట్టు వరుసలు వదిలేసి మధ్యలోది కోసి దిగుబడి తూస్తారు. మొవ్వుల లెక్కలో పెద్ద తేడా, దిగుబడిలో తేడానే లేదు అన్న ఫలితాలు వస్తే ఆశ్చర్యపోవాల్సింది లేదు.

దిగుబడి తేడా వచ్చినా డబ్బు లెక్క మిగిలే ఉంటుంది. 2025-26కు ఏ గ్రేడ్ వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఒక మందు వల్ల ఎకరానికి అర క్వింటాలు ఎక్కువ వచ్చిందంటే దాదాపు 1,195 రూపాయలు. మందు, కూలి, పంపు కిరాయి కలిపి అంతకు మించితే పురుగు చచ్చింది, రైతు కూడా నష్టపోయాడు. దుబ్బుకు 10 నుంచి 15 దోమలు, చదరపు మీటరుకు ఒక రెక్కల మొగి పురుగు లేదా ఒక గుడ్ల సముదాయం లాంటి హద్దులు పెట్టింది ఈ లెక్కతోనే. ఒక్క దోమ కనబడగానే టెన్షన్‌తో పంపు ఎత్తుకోవడానికి ఆ అంకెల్లో ఎక్కడా చోటు లేదు.

ఏడు రోజుల పరీక్షలో బయటపడని ప్రమాదం ఒకటుంది. ఆకుముడతకో మొగి పురుగుకో సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే మూడో రోజుకు ఫలితం బ్రహ్మాండంగా కనబడుతుంది. నాలుగైదు వారాల తర్వాత అదే మడిలో సుడిదోమ కొట్టని మడి కంటే ఎక్కువగా ఉంటుంది. 1980లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చెల్లయ్య, హైన్‌రిక్స్ దీన్ని వివరంగా కొలిచారు. డెల్టామెత్రిన్, మిథైల్ పెరాథియాన్ లాంటివి కొట్టిన వరి మీద దోమ ఎక్కువ గుడ్లు పెట్టింది. మిరిడ్ నల్లులు, సాలెపురుగులు చావడం దానికి తోడు. కొట్టని మడి లేకపోతే ఇది కనిపెట్టే దారే లేదు. ఈ ఏడాది దోమ బాగా పడింది అని వాతావరణం మీదకు నెట్టేస్తారు. మిథైల్ పెరాథియాన్‌ను 2018లో దేశంలో నిషేధించారు, గుళికల్లో ఒకప్పుడు రాజ్యమేలిన ఫోరేట్ 2020 చివరితో ఆగిపోయింది. పైరిత్రాయిడ్లు మాత్రం చవక కాబట్టి వరిలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మందు మారకపోయినా పురుగు మారుతుంది. ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో సుడిదోమకు తిరుగులేని మందు. 2000 తర్వాతి దశకంలో ఆసియా దేశాల్లో ఒకదాని వెంట ఒకటిగా దోమ దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టింది. దీన్ని పొలంలో కాక ప్రయోగశాలలో కొలుస్తారు. వరి కాడలను వేర్వేరు గాఢతల మందు నీళ్లలో అరనిమిషం ముంచి, ఆరబెట్టి, వాటి మీద దోమను వదిలి, సగం దోమలు చావడానికి ఎంత గాఢత కావాలో చూస్తారు. ఆ అంకెను దేనితో పోల్చాలి? ఏళ్ల తరబడి ఏ మందూ సోకకుండా గాజు గదిలో తరం తర్వాత తరం పెంచిన దోమతో. పొలంలో కొట్టని మడి చేసే పనిని ఇక్కడ ఆ దోమ చేస్తుంది. రైతు వైపు నుంచి చూస్తే చిక్కు పేర్ల దగ్గరుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, డైనోటెఫ్యురాన్ మూడు పేర్లు, మూడు రంగుల ప్యాకెట్లు, కుటుంబం ఒక్కటే. ఒకటి మార్చి ఇంకోటి కొట్టడాన్ని మందు మార్చడం అనలేం.

పాలమూరు వైపు మక్క రైతులకు ఈ పరీక్షల విలువ 2018లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో కత్తెర పురుగును దేశంలో మొదటిసారి గుర్తించారు. ఆ ఏడాదే తెలంగాణలోకీ వచ్చింది. కొత్త పురుగు కాబట్టి ఏ డబ్బా మీదా దాని పేరు లేదు, మొదట్లో తాత్కాలిక సిఫారసులతోనే నడిచింది. ఎమామెక్టిన్ బెంజోయేట్, స్పైనటోరామ్, క్లోరాంట్రానిలిప్రోల్ నిలబడ్డాయి, కానీ పురుగు చిన్నగా ఉన్నప్పుడే. పెద్దదై సుడిలోకి దూరి, తన రెట్టతోనే పైన మూత వేసుకున్నాక అదే మందు అదే డోసులో తేలిపోతుంది. పెద్ద పురుగుకు పది కిలోల తవుడు, రెండు కిలోల బెల్లం నీళ్లతో కలిపి ఒకరోజు పులియబెట్టి, వేసే అరగంట ముందు వంద గ్రాముల థయోడికార్బ్ కలిపిన విషపు ఎరను సుడుల్లో వేయమన్నది అందుకే. ఏ మందు అన్న ప్రశ్నకు ఎంత పురుగు, ఎక్కడుంది అన్నవి తెలియకుండా జవాబు చెబితే అది సగం జవాబే.

చట్టం సంగతి క్లుప్తంగా. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కమిటీ మందును ఫలానా పంటకు, ఫలానా పురుగుకు, ఫలానా డోసుకు అనుమతిస్తుంది, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా చెబుతుంది. పురుగుమందుల పరీక్ష ల్యాబ్ చూసేది వేరు. డబ్బాలో రాసినంత మందు ఉందా లేదా అన్నదే దాని పని. ల్యాబ్‌లో పాసైన మందు మీ పురుగును చంపుతుందని అర్థం కాదు. ఈ రెండింటి మధ్య పడిపోయేది దుకాణంలో చెప్పే కలగలుపు. దోమకొకటి, పురుగుకొకటి, తెగులుకొకటి, పైన ఒక టానిక్, అన్నీ ఒకే డ్రమ్ములో. కంపెనీ కలిపి అమ్మే మిశ్రమాలకు విడిగా పరీక్ష, అనుమతి ఉంటాయి. డ్రమ్ములో రైతు కలిపిన నాలుగింటి మిశ్రమాన్ని ఏ కేంద్రంలోనూ ఎవరూ మడి వేసి చూసి ఉండరు. ఆకులు మాడినా, ఒకదాన్ని ఇంకోటి చెడగొట్టినా పట్టుకునే మార్గం లేదు.

డ్రోన్లు వచ్చాక పాత ఫలితాల్లో కొన్నింటిని మళ్లీ చూడాల్సి వస్తోంది. చేతిపంపుతో ఎకరానికి 200 లీటర్ల నీటితో చేసిన పరీక్షలవి. డ్రోన్ పోసేది ఎకరానికి ఎనిమిది, పది లీటర్లు. ఆకు మీద ఉండే ఆకుముడతకు అది సరిపోవచ్చు. సుడిదోమ ఉండేది నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో. పాయలు తీసి అడుగుకు గురిచూసి కొడితేనే అందని చోటుకు పైనుంచి రాలే సన్నటి తుంపర ఎంత చేరుతుందన్నది మందు పేరు కంటే ముందు తేలాల్సిన విషయం.

సొంత పొలంలో దీన్ని చూసుకోవడానికి ల్యాబ్ అవసరం లేదు. దోమ సమానంగా ఉన్నట్టు కనబడే చోట, గెట్టుకు దూరంగా, నాలుగు మీటర్ల వెడల్పు పట్టీ ఒకటి కర్రలు పాతి వదిలేయాలి. మందుకు ముందురోజు పట్టీలో పది దుబ్బులు, కొట్టబోయే చోట పది దుబ్బులు వంచి తట్టి లెక్కపెట్టాలి. దోమ ఎక్కువ కనబడే దుబ్బులు ఏరుకోకుండా ఏటవాలుగా నడుస్తూ ప్రతి ఐదో దుబ్బు పట్టుకుంటే చాలు. నీరు తీస్తే రెండు చోట్లా తీయాలి. గాలి పట్టీ వైపు లేనప్పుడు కొట్టాలి, లేకపోతే తుంపర అక్కడా పడుతుంది. మళ్లీ మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు అదే లెక్క. పట్టీలో దోమ హద్దు దాటి సుడులు కట్టడం మొదలైతే ఆగకుండా అక్కడా కొట్టేయవచ్చు, అప్పటికి తెలియాల్సింది తెలిసిపోయి ఉంటుంది. పట్టీలో కూడా దోమ కొట్టిన చోటంతగా తగ్గితే, వచ్చే వారం దుకాణం వాడు ఇవ్వబోయే రెండో డబ్బా తీసుకోనక్కర్లేదు.